పిల్లలతో అయోవా పాత పొలాల్లో ఒక పూట

అమెరికాలో అయోవా రాష్ట్ర రాజధాని డి మోయిన్‌లో ఉండే మనవాళ్లు ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ముందు దగ్గర్లో మాడ్రిడ్ అనే ఊళ్లో ఉన్న హిందూ గుడికి తీసుకెళ్తారు, తర్వాత క్యాపిటల్ బిల్డింగ్ బంగారు గోపురం చూపిస్తారు, ఆపైన ఏం చూపించాలో తోచక మాల్‌కి వెళ్తారు. అర్బండేల్‌లో ఇంటర్‌స్టేట్ పక్కనే దాదాపు 500 ఎకరాల్లో ఉన్న లివింగ్ హిస్టరీ ఫార్మ్స్, అంటే పాతకాలం పొలం పనులు చేసి చూపించే ఆరుబయట మ్యూజియం, చాలామందికి గుర్తే రాదు. ఈసారి మా అమ్మని, మా వాడిని, ఫ్రెండ్ వాళ్ల ఇద్దరు పిల్లల్ని కారెక్కించుకుని అక్కడికి వెళ్లాను. పిల్లలంతా ఎనిమిదేళ్ల లోపు వాళ్లే.

అక్కడ 1700 నాటి అయోవే అనే మూలవాసి తెగవాళ్ల పొలం, 1850 నాటి వలస కుటుంబం పొలం, 1900 నాటి, గుర్రాలతో సేద్యం చేసే పొలం, ఇవి కాక 1876 నాటి వాల్‌నట్ హిల్ అనే చిన్న ఊరు ఉన్నాయి. ట్రాక్టర్ వెనక కట్టిన బండిలో తీసుకెళ్లి దింపుతారు. ఈ సంవత్సరాలన్నీ మనకోసమే, పిల్లలకి వాటితో పనిలేదు. మా వాడి లెక్కలో అమ్మమ్మ చిన్నతనం, డైనోసార్ల కాలం రెండూ ఒకటే “చాలా రోజుల కింద”. అందుకే బోర్డులు చదివి వినిపించడం మానేసి, ఎక్కడ చేతికి పని దొరికితే అక్కడ ఆగాం.

అయోవే పొలంలో చెట్టు బెరడుతో కట్టిన ఇళ్లున్నాయి, మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి వేశారు. ఆ వ్యవసాయమంతా ఆడవాళ్లదే అని చెప్తే అమ్మ “ఇప్పుడు మాత్రం ఎవరు చేస్తున్నరు?” అంది.

1850 పొలంలో ఉన్నది దుంగలతో కట్టిన ఇల్లు. పొయ్యి దగ్గర పాతకాలం గౌనులో ఉన్నావిడ వంట చేస్తోంది. ఆమె పిల్లలకి పాఠమేమీ చెప్పలేదు. “పుల్లలు అయిపోతున్నాయి, ఎవరైనా తెస్తారా?” అంది అంతే, ముగ్గురూ పరుగెత్తారు. ఆ రోజుల్లో నాలుగైదేళ్ల పిల్లల పని నిజంగా అదేనట, పుల్లలు ఏరడం, గుడ్లు తేవడం, విత్తిన గింజల మీద వాలే పిట్టల్ని తోలడం. నాలుగు చేతుల కట్టెలు మోశాక మొదలయ్యాయి ప్రశ్నలు. రాత్రి పొయ్యి ఆరిపోతే ఏం చేస్తారు? అందరూ ఈ ఒక్క గదిలోనే పడుకుంటారా? బాత్రూం ఎక్కడ? నేను కారులో కూర్చుని ఎంత చెప్పినా రాని ప్రశ్నలివి. అక్కడ వండింది మాత్రం మనకి పెట్టరు, పిల్లల్ని ముందే సిద్ధం చేసుకోండి.

వాగు ఒడ్డున చెట్లున్న చోటే ఆ వలసవాళ్లు ఇళ్లు ఎందుకు కట్టుకున్నారో కూడా కట్టెలు మోస్తేనే అర్థమైంది. ఇల్లు, కంచె, పొయ్యి అన్నీ కర్రే కదా. గడ్డి మైదానంలో నేల మంచిదే కానీ ఆ గడ్డి వేళ్లు ఎంత లోతుకి పోయి అల్లుకుంటాయంటే, మొదటిసారి దున్నడానికి ఒక్క జత ఎడ్లు చాలవు, నాగలికి మూడు నాలుగు జతలు కట్టేవాళ్లు.

ఫ్రెండ్ వాళ్ల పాప ఉన్నట్టుండి “మరి ఆ బెరడు ఇళ్లవాళ్లు ఏరీ?” అని అడిగింది. ఆ ప్రశ్న రావాల్సిందే. ఇక్కడికి వచ్చిన మొదటి కుటుంబాలు అని మనం తేలిగ్గా అనేస్తాం, ఖాళీ నేల మీదికి వచ్చినట్టు. అయోవేలని అంతకు ముందే పడమటికి నెట్టేశారు. డి మోయిన్ చుట్టూ ఉన్న నేలని 1842 ఒప్పందంలో సాక్, మెస్క్వాకీ తెగల దగ్గర తీసుకుని, 1845 అక్టోబర్ 11 అర్ధరాత్రి నుంచి వలసవాళ్లకి తెరిచారు. మెస్క్వాకీలు మాత్రం తిరిగొచ్చి, 1857లో అయోవాలోనే టామా అనే ఊరి దగ్గర సొంత డబ్బుతో భూమి కొనుక్కున్నారు, ఇప్పటికీ అక్కడే ఉన్నారు. పాపకి ఇంత చెప్పలేదు. “పొమ్మన్నారు, కొందరు తిరిగొచ్చి కొనుక్కున్నారు” అన్నాను. “వాళ్లదే వాళ్లు కొనుక్కున్నారా?” అంది.

1900 పొలంలో అమ్మదే రాజ్యం. జగిత్యాల వైపు మక్కలు పండించిన ఇల్లు మాది. చేత్తో తిప్పే మిషన్‌లో కంకి వేస్తే గింజలు ఒకవైపు, బెండు ఒకవైపు పడుతుంటే పిల్లలు వదల్లేదు, వంతుల కోసం కొట్లాట. అమ్మ ఒక కంకి తీసుకుని బొటనవేలితో ఒక వరస ఊడదీసి, చేతిలో ఉన్న ఇంకో బెండుతో రుద్ది గబగబా ఒలిచేసింది. అక్కడి అతను టోపీ తీసి చూస్తూ నిలబడ్డాడు.

వెన్న దగ్గర మాత్రం పేచీ వచ్చింది. వాళ్లు మీగడని నేరుగా చిలుకుతారు, అమ్మకి అది నచ్చలేదు. “తోడు వెయ్యకుండ వెన్నేంది, రుచుంటదా?” అని నాతో ఇంగ్లీషులో అడిగించింది. వాళ్లు వెన్నలో ఉప్పు కలిపి నిల్వ చేసేవాళ్లు, మనం కాచి నెయ్యి చేస్తాం. ఎండలకి మనదే మేలు అని నా అభిప్రాయం కూడా, అక్కడ పైకి అనలేదు.

వాల్‌నట్ హిల్‌లో కమ్మరి కొలిమి తప్ప మిగతా దుకాణాలు పిల్లలకి పట్టలేదు. చూడ్డానికేగానీ చెయ్యడానికేం లేదు.

ఇంటికొచ్చాక హెవీ క్రీమ్ కొని, మూత గట్టిగా ఉన్న సీసాలో సగం పోసి, ఊపమని ఇచ్చాను. కాసేపటికి చప్పుడు ఆగిపోతుంది, పిల్లలు అయిపోయిందనుకుని వదిలేస్తారు. కానీ అది ఇంకా నురగ మీగడే, ఆపనివ్వకండి. ఇంకొంచెం ఊపితే ఉన్నట్టుండి ముద్ద విడిపోయి మజ్జిగ తేలుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోస్తే చాలాసేపు పడుతుంది, కొంచెం చల్లదనం పోనివ్వాలి. ముద్దని చల్లని నీళ్లతో కడగండి, లేకపోతే త్వరగా పులుస్తుంది.

వెళ్లేవాళ్లు వేళలు చూసుకుని వెళ్లండి, చలికాలంలో మామూలుగా తెరిచి ఉండదు. పొద్దున్నే ముందు పొలాల వైపు వెళ్లండి, వంటలు మధ్యాహ్నానికే అయిపోతాయి. నీడ తక్కువ, నడక ఎక్కువ, నీళ్ల సీసాలు తప్పకుండా పెట్టుకోండి. వాల్‌నట్ హిల్ ఊరిని చివర్లో చూసినా పోయేదేం లేదు.