గోడ మీద చార్టులు దించేశాక

చెన్నైలో పెరంబూర్ దగ్గర ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో ఆరు, ఏడు తరగతులకు సైన్సు, సోషల్ చెబుతాను. పోయిన ఏడాది లెక్కల టీచర్ కాన్పు సెలవు మీద వెళ్లడంతో లెక్కలు కూడా నాకే తగిలాయి. మా పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు. మూడూ కలిపి చెప్పినా కొందరికి ఎక్కేది కాదు. జూన్‌లో బడి తెరవగానే హెచ్.ఎం. మేడమ్ పిలిచి, “ఈ ఏడు నీ మూడు సబ్జెక్టుల్లోనూ టీఎల్ఎం కనబడాలమ్మా, ఇన్‌స్పెక్షన్ ఉంటుంది” అన్నారు. టీఎల్ఎం అంటే చార్టులు, బొమ్మల్లాంటి బోధన సామగ్రి.

బొమ్మలకు కరువేమీ లేదు. క్లాసు గోడల నిండా లామినేషన్ చేసిన చార్టులే. ఒక శనివారం అన్నీ దించేసి, సోమవారం పిల్లల్ని అడిగాను: బోర్డు పక్కన ఏ చార్టు ఉండేది? గుండె అన్నారు కొందరు. గాంధీ తాత అన్నారు ఇంకొందరు. అక్కడ ఏళ్ల తరబడి వేలాడింది జీర్ణవ్యవస్థ. రోజూ ఎదురుగా ఉండేది కొన్నాళ్లకు కంటికి ఆనదు. పైగా ఆ లామినేషన్ మీద ట్యూబ్‌లైటు పడితే వెనక బెంచీ వాళ్లకు మెరుపు తప్ప ఇంకేమీ కనబడదు. ఇది నేను వెనక బెంచీలో కూర్చుని చూసుకున్న సంగతి. టీచర్లెవరూ అక్కడ కూర్చుని చూడరెందుకో.

అందుకని గోడకు బదులు బోర్డు పైన ఒక తాడు కట్టి, బట్టల క్లిప్పులు పెట్టాను. ఏ రోజు పాఠానికి ఆ రోజు బొమ్మ. పాఠం అయిపోతే దిగిపోతుంది. కాగితాలకు చెన్నైలోనే ప్యారీస్ కార్నర్ దగ్గరున్న ఆండర్సన్ వీధికి వెళ్లాను. శుభలేఖల కొట్ల మధ్య కాగితాల హోల్‌సేల్ వాళ్లుంటారు, మా పేటలో కంటే చవక. తెల్ల చార్టుల కంటే బ్రౌన్ షీట్లు నాకు బాగా పనికొచ్చాయి. మెరవవు, రంగు సుద్దతో కూడా గీయొచ్చు. అక్షరం కనీసం అంగుళం ఎత్తు లేకపోతే వెనక వరసకు అందదు. పసుపు స్కెచ్ పెన్ను అసలు వాడకూడదు. మా క్లాసులో ఒకబ్బాయికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదని మ్యాపులకు రంగులు వేయిస్తున్నప్పుడు బయటపడింది. అప్పటి నుంచి రంగు మార్చిన ప్రతిచోటా గీత కూడా మార్చాను. నదికి నిండు గీత, సరిహద్దుకు చుక్కల గీత.

ఇవన్నీ పైపై పనులు. అసలు చిక్కు ఆహార గొలుసు పాఠంలో వచ్చింది. గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద. మధ్యలో బాణాలు. గడ్డి నుంచి మిడత వైపు బాణం గీశాను. “గడ్డి మిడతను తింటుందా మిస్?” అని అడిగింది ఒకమ్మాయి. నోట్సుల్లో చూస్తే చాలామంది బాణాలు తిరగేసి వేసుకున్నారు. వాళ్ల లెక్క వాళ్లకు సరిగానే ఉంది: తినేవాడే కదా తిండి దగ్గరికి పోతాడు! బాణం చూపించేది ఆహారం, శక్తి ఎటు పోతున్నాయో అన్నది పుస్తకం రాసినవాళ్లకు తెలుసు, పిల్లలకు ఎవరూ చెప్పలేదు.

అప్పుడు పుస్తకాలన్నీ తిరగేసి బాణాలు మాత్రమే చూశాను. నీటి చక్రంలో బాణమంటే నీరు వెళ్లే దారి. కిరణజన్య సంయోగక్రియ సమీకరణంలో ‘ఇది అదిగా మారుతుంది’ అని. కాలరేఖ చివర ఉంటే ‘ఇంకా సాగుతోంది’ అని. గుండె బొమ్మలో కొన్ని బాణాలు రక్తం పోయే దిక్కు చూపిస్తాయి, కొన్ని పేరు నుంచి భాగం దాకా వెళ్లి ఆగిపోతాయి. ఒకే గుర్తుతో ఇన్ని పనులు చేయిస్తూ, పిల్లలు తమంతట తామే పసిగట్టాలని కూర్చుంటాం. నేను ఒక్క నియమం పెట్టాను: బాణం వేస్తే దాని మీద ఒక క్రియ రాయాలి. తెలుగు, తమిళం, ఇంగ్లీషు ఏదైనా సరే. ‘ఆహారం అవుతుంది’, ‘ఆవిరై పైకి పోతుంది’, ‘మారుతుంది’. క్రియ రాయలేకపోతే బాణం కొట్టేయాలి. ఏడాది మొత్తంలో పైసా ఖర్చు లేకుండా అన్ని సబ్జెక్టులకూ పనికొచ్చిన పద్ధతి ఇదొక్కటే.

గుండె బొమ్మలో ఇంకో పేచీ ఉంది. ఎడమ అని రాసి ఉన్నది కుడివైపు ఉంటుంది. బొమ్మను ఒక పిల్లవాడి చొక్కాకు పిన్ను పెట్టి, క్లాసు వైపు తిరిగి నిలబడమంటే సరిపోయింది. వాడి ఎడమ మనకు కుడి. అంతే.

రుతువుల పాఠానికి మాత్రం చాలా టైమ్ పట్టింది. చార్టుల్లో సూర్యుడి చుట్టూ భూమి దారిని కోడిగుడ్డులా సాగదీసి గీస్తారు. అది చూసిన ఏ పిల్లవాడైనా ‘మే నెలలో సూర్యుడికి దగ్గరవుతాం, అందుకే ఎండలు’ అంటాడు. నిజానికి భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. బాగా దూరంగా ఉండేది జులై మొదట్లో, సుమారు 15.2 కోట్లు. ఈ అంకెలు బోర్డు మీద రాస్తే తలూపారు గానీ నమ్మినట్టు లేరు. రెండు చార్టులు అతికించి నేల మీద పరిచి, రెండు గుండుసూదులు ఒక సెంటీమీటరు ఎడంగా గుచ్చాం. 61 సెంటీమీటర్ల దారపు ఉచ్చు వాటికి తగిలించి, పెన్సిలుతో బిగువుగా లాగుతూ చుట్టూ గీశాం. భూకక్ష్య అసలు ఆకారం కొలతకు సరిగ్గా ఇంతే. స్కేలు పెట్టి ఎటు కొలిచినా అడ్డం, నిలువు ఒక్కటే వచ్చాయి. “ఇది గుండ్రమే కదా మిస్, మరి పుస్తకంలో అలా ఎందుకు వేశారు?” పక్క నుంచి వంగి చూస్తున్నట్టు వేశారని చెప్పాను. టిఫిన్ ప్లేటును కంటి ఎత్తులో పట్టుకుని చూడమన్నాను.

మరి ఎండలెందుకన్నది మేడ మీదికి వెళ్లి తేల్చుకున్నాం. చెన్నై మీద సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏటా రెండుసార్లు, ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు మూడో వారంలో ఒకసారి. ఏప్రిల్లో పరీక్షల గోల. ఆగస్టులో మబ్బులు లేని మధ్యాహ్నం, పన్నెండుంపావు ప్రాంతంలో, నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ దాదాపు లేకుండా పోయింది. డిసెంబరులో అదే టైముకు అదే కర్ర నీడను పొడుగ్గా గీసుకున్నాం. ఎండ నిటారుగా పడితే వేడి ఎక్కువ, ఏటవాలుగా పడితే తక్కువ; దూరంతో పని లేదు. రెండు గీతలూ ఒకే బ్రౌన్ షీట్ మీద ఉన్నాయి. నేను వేసిన బొమ్మలన్నిటిలోకీ నాకు నచ్చింది అదే, ఎందుకంటే అది సూర్యుడు వేసిన బొమ్మ.

లెక్కల సంగతి క్లుప్తంగా చెబుతాను. భిన్నాలకు అందరూ గుండ్రాలు గీస్తారు. మూడో వంతు, ఐదో వంతు చేత్తో గీస్తే ఎప్పుడూ సమంగా రావు. కాగితపు పట్టీలు నయం. పన్నెండు గళ్ల పట్టీ ఇస్తే సగం, మూడో వంతు, నాలుగో వంతు వాళ్లే మడిచి కలుపుకుంటారు. లెక్కలూ సోషలూ కలిసింది ప్రపంచ పటం దగ్గర. మా గోడ పటంలో గ్రీన్‌లాండ్ మన దేశానికి ఎన్నో రెట్లు కనబడుతుంది. రెండిటినీ ట్రేస్ చేసి గ్రాఫ్ గళ్లు లెక్కపెట్టాక, అసలు వైశాల్యాలు చెప్పాను. గ్రీన్‌లాండ్ సుమారు 21.66 లక్షల చదరపు కిలోమీటర్లు, భారతదేశం 32.87 లక్షలు. క్లాసంతా గోల. పగిలిన ప్లాస్టిక్ బంతిని కోసి, చింపకుండా, సాగదీయకుండా బల్ల మీద చదునుగా పరవమన్నాను. ఎవరివల్లా కాలేదు. గుండ్రటి భూమిని పటంగా పరిచినా అంతే, ఎక్కడో సాగక తప్పదు.

వీడియోల విషయంలో నాకు అంత నమ్మకం లేదు. 2018 నుంచి మారిన సమచ్చీర్ (తమిళనాడు రాష్ట్ర సిలబస్) పుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లున్నాయి. స్కాన్ చేస్తే పాఠం వస్తుంది, కొన్ని బాగానే ఉంటాయి కూడా. కానీ ఆడుతున్నంతసేపూ నోళ్లు తెరిచి చూసి, అయ్యాక ఏం చూశారంటే చెప్పలేరు. సగంలో ఆపి ‘తర్వాత ఏమవుతుందో గీయండి’ అంటేనే కాస్త ఫలితం కనబడింది.

శాతవాహనుల పాఠానికి ఎగ్మూర్ మ్యూజియానికి తీసుకెళ్లాను. అమరావతి నుంచి తెచ్చిన సున్నపురాతి శిల్పాలు అక్కడున్నాయి. ఒక గుండ్రటి ఫలకం ముందు అందర్నీ నిలబెట్టాను. ఒకవైపు ఏనుగు వీధిలో మనుషుల్ని తొక్కేస్తోంది, మేడల మీద నుంచి జనం చూస్తున్నారు, ఇంకోవైపు ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. ఏం కనబడుతోందో చెప్పండి, నేను మాట్లాడను అన్నాను.

“రెండేనుగులు మిస్. ఒకటి చెడ్డది, ఒకటి మంచిది.”

కాసేపు వాదించుకున్నాక, బాణం గురించి అడిగిన అమ్మాయే అంది: “కాదు మిస్, ఒకే ఏనుగు. ముందు, తర్వాత. దోమ జీవితచక్రం చార్టులో కూడా ఒకే దోమ కదా, నాలుగు పురుగులు కాదు కదా!” ఆ ఏనుగు పేరు నాలగిరి అని, బుద్ధుణ్ణి చంపడానికి దాన్ని మీదికి వదిలారని కథ అప్పుడు చెప్పాను. రెండో శతాబ్దపు శిల్పి వాడిన పద్ధతినే మన సైన్సు చార్టులూ వాడుతున్నాయని నాకూ ఆ పిల్ల చెప్పేదాకా తట్టలేదు.

ఇన్‌స్పెక్షన్ ముందు మేడమ్‌కు టెన్షన్ మొదలైంది. ఖాళీ గోడలు చూస్తే వాళ్లేమంటారోనని. చివరికి రాజీ కుదిరింది. లామినేషన్ చార్టులన్నీ వరండాలోకి పోయాయి, క్లాసులో తాడు ఉండిపోయింది. వచ్చినాయన వరండా చూసి బాగుందన్నారు.

ఈ ఏడాది లెక్కల టీచర్ తిరిగొచ్చారు. పట్టీల డబ్బా ఆవిడకు ఇచ్చేశాను. నాకేమో ఎనిమిదో తరగతి సైన్సు అదనంగా వచ్చింది, అందులో బలం పాఠం ఉంది. అక్కడ బాణం దిక్కుతో పాటు పొడవును కూడా చదవాలి, కాబట్టి క్రియ ఒక్కటే రాయిస్తే సరిపోదు. దానికి ముందుగా స్ప్రింగ్ త్రాసుతో సంచులు లాగించి, అంకె పెరిగిన కొద్దీ బాణాన్ని పొడిగించి గీయిద్దామనుకుంటున్నాను. ల్యాబులో ఉన్న త్రాసు తుప్పు పట్టింది, కొత్తది కొనాలి.