డిమాండ్ల పత్రంలో చివరి అంశం

తిరుపతిలో ఉన్నన్ని విశ్వవిద్యాలయాలు మన రాష్ట్రంలో చాలా నగరాలకు లేవు. 1954 నాటి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో వచ్చిన మహిళా విశ్వవిద్యాలయం, సంస్కృతానికి, వేదవిద్యకు, పశువైద్యానికి వేర్వేరుగా ఉన్నవి కలిపి చూస్తే, వాటి జీతాల మీద బతికే కుటుంబాలు ఊరంతా కనిపిస్తాయి. వాటిలో ఒకదాని పరిపాలన విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసిన నేను ఉద్యోగ సంఘంలోనూ ఉన్నాను కాబట్టి, కాంట్రాక్టు సిబ్బంది జీతాల గురించిన ఈ మాట మా సంఘానికే చెబుతున్నాను.

మా డిమాండ్ల పత్రంలో పీఆర్సీ (వేతన సవరణ) బకాయిలు, డీఏ (కరువు భత్యం), పదోన్నతులు ముందుంటాయి. చిట్టచివర, 'కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సిబ్బంది సమస్యలను సానుభూతితో పరిశీలించాలి' అన్న వాక్యం ఏటా మారకుండా ఉంటుంది. చట్టరీత్యా అన్నిటికన్నా బలమైన అంశమే చివరన పడి ఉందని నా అభిప్రాయం.

సమాన పనికి సమాన వేతనం రాజ్యాంగం గుర్తించిన లక్ష్యమని, దాన్ని కోర్టులు అమలు చేయించవచ్చని 1982లో రణధీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు రాసినవారు మన రాయలసీమకు చెందిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. రెగ్యులర్ ఉద్యోగి చేసే పనే చేస్తున్న తాత్కాలిక ఉద్యోగికి ఆ పోస్టు వేతన స్కేలులోని కనీస మొత్తమైనా ఇవ్వాలని 2016లో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాంట్రాక్టు అధ్యాపకుల జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మొత్తం జీతానికి తగ్గకూడదని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల్లోనే ఉంది. ఆ పోస్టు ప్రారంభ మూలవేతనం 57,700 రూపాయలు. గెస్టు అధ్యాపకులకైతే 2019లో ఒక్కో తరగతికి 1,500, నెలకు 50,000 మించకుండా అని పెట్టారు. తరగతుల లెక్కన జీతం ఇచ్చే పద్ధతిలో, తరగతులు లేని వేసవిలో ఆ ఇంటికి వచ్చేదేమీ ఉండదు.

నిధులు లేవన్న అధికారుల జవాబు పూర్తిగా అబద్ధమని నేను అనను. ప్రభుత్వం ఖర్చులకు కలిపి ఒకే మొత్తంగా ఇచ్చే బ్లాక్ గ్రాంటులోంచే జీతాలతోపాటు మాలాంటివారి పింఛన్లూ వెళ్లాలి. అయితే ఖాళీలను భర్తీ చేయకుండా, అదే పనిని తక్కువ జీతానికి చేయించుకోవడం వల్ల మిగిలే సొమ్ము ఎవరి జేబులోంచి వస్తున్నదో కూడా ఆ లెక్కలో చూపించాలి కదా!

కాంట్రాక్టు మనిషి సమ్మెకు దిగడం కష్టం. ఏడాదికోసారి రెన్యువల్ కావాలి; ధర్నాలో కూర్చున్నవారి పేరు ఆ ఫైలు దాకా వెళుతుందన్న భయం ఊరికే పుట్టినది కాదు. పైగా విశ్వవిద్యాలయం అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద పరిశ్రమేనని 1978లో తేల్చిన సుప్రీంకోర్టే, ఉపాధ్యాయుడు మాత్రం ఆ చట్టం రక్షణ పొందే కార్మికుడు కాడని 1988లో చెప్పింది. కనుక పని ఆపగల శక్తి రెగ్యులర్ సిబ్బందికే ఎక్కువ. 2022 ఫిబ్రవరి 3న 'చలో విజయవాడ'కు ఉద్యోగులు వెల్లువలా వెళ్లాక, సమ్మె మొదలు కాకముందే ప్రభుత్వం చర్చలకు వచ్చి ఇంటి అద్దె భత్యం శ్లాబులను సవరించింది. ఫిట్‌మెంట్ (వేతన సవరణలో మూలవేతనంపై ఇచ్చే పెంపు) 23 శాతం దగ్గరే ఆగిపోయినా, ఆ బలం ఎంతటిదో అందరూ చూశారు. దాన్ని పక్క కుర్చీలోని మనిషి కోసం కూడా వాడాలి. పరీక్షల విభాగాన్ని స్తంభింపజేయడం మాత్రం నాకు సమ్మతం కాదు, ఫలితాలు ఆగితే నష్టపోయేది విద్యార్థులే.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఆ చివరి వాక్యాన్ని తీసేసి, 'కనీస టైమ్‌స్కేలు (వేతన స్కేలులోని కనీస మొత్తం) చెల్లించాలి' అని మొదటి అంశంగా రాయాలని, రిజిస్ట్రార్‌తో జరిగే చర్చల్లో కాంట్రాక్టు సిబ్బంది ప్రతినిధులిద్దరిని మన వరుసలోనే కూర్చోబెట్టాలని ప్రతిపాదిస్తాను. బలపరిచేవారు ముందుగా చెబితే తీర్మానం ముసాయిదా పంపుతాను.