జాకెట్లు కుట్టుకునేదానికి స్లాబు సంగతేం తెలుసు?

"మీకేటి తెలుస్తాదమ్మా, మీరు జాకెట్లు కుట్టుకోండి." స్లాబు వేసిన రోజు మేస్త్రీ నాతో అన్న మాట ఇది. మిక్సర్ చప్పుడులో వినపడదేమోనని గొంతు పెంచి మరీ అన్నాడు, కూలీలందరి ముందు. నాకు ఒళ్లు మండింది. లోపల ఎక్కడో సిగ్గు కూడా వేసింది. ఎందుకంటే అదే మాట, ఇంకాస్త మెత్తగా, నా దగ్గరికొచ్చే ఆడవాళ్లతో నేను రోజూ అంటూనే ఉంటాను.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశాలో కలిసిన ఊరు. ఆఫీసుల్లో ఒడియా, మా ఇళ్లల్లో తెలుగు. ముందుగదిలో మిషను వేసుకుని పదహారేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. మా ఆయన సూరత్‌లో మగ్గాల మీద పనిచేస్తాడు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ గాలికి మా ఇంటి రేకులు లేచిపోయి వెనక వీధిలో దొరికాయి. అప్పుడే అనుకున్నాను, ఇక స్లాబేనని. చీటీలు కట్టి కట్టి, మొన్న చైత్రంలో ముహూర్తం కుదిరింది. మేస్త్రీది పాతపట్నం. సామాను మాది, పని అతనిది, అడుగు లెక్కన కూలీ. చివరి వాయిదా నలభై వేలు స్లాబు కింది సెంట్రింగు రేకులు విప్పాక ఇవ్వాలని మాట.

మొదటి గొడవ రాడ్ల దగ్గర. దించిన రాడ్లు వారం రోజులు మంచులో తడిసి ఎర్రగా తుప్పుపట్టాయి. అవి చూసి గుండె గుభేలుమంది. మార్చాల్సిందేనని పట్టుపట్టాను, మా ఆయనకి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాను. మేస్త్రీ ఏమీ అనలేదు. గోనెగుడ్డతో ఒక రాడ్డు గట్టిగా రుద్ది నా చేతికిచ్చాడు. పొడి రాలిపోయింది, గీతలు చెక్కుచెదరలేదు. పెచ్చులు లేచే తుప్పయితేనే భయమట. పైపైన పట్టిన ఎరుపు కాంక్రీటుకి అడ్డేమీ కాదట. నిజమే, తరవాత ఇంజినీరు గారూ అదే చెప్పారు. ఆ రోజు నుంచి నేను ఏది అడిగినా కూలీలు "తుప్పమ్మగారు వచ్చినారు" అని నవ్వుకునేవారు.

రెండో సంగతిలో మాత్రం నేను చూసింది సరైనదే. ఒక మూల రాడ్లు సెంట్రింగు రేకుకి ఆనుకుని పడుకున్నాయి. నాకు స్లాబు తెలీదు గానీ మార్జిన్ తెలుసు. కుట్టుకి అవతల అరంగుళం గుడ్డ వదలకపోతే రెండు ఉతుకులకే పిగులుతుంది. ఇనుము అంచుదాకా వస్తే దాన్ని కప్పడానికి సిమెంటేది? అడిగితే, కింద నాలుగు కంకర రాళ్లు దూర్చమని కుర్రాడికి చెప్పాడు. అవి జారిపోతున్నాయి. చివరికి రాడ్ల కింద ఎత్తు పెట్టే 20 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులు నేనే కొనుక్కొచ్చాను.

మా వీధి చివర అప్ప కొడుకు సివిల్ డిప్లొమా చదువుతున్నాడు. స్లాబుకి ముందు రోజు వాడు ఫోన్లో రెండు ముక్కలు చెప్పాడు. "పిన్నీ, మన స్లాబుకి పోసే కాంక్రీటు రకాన్ని ఎం20 అంటారు. దానికి ఐఎస్ 456 అని కాంక్రీటు పనుల కోడ్ లెక్క బస్తా సిమెంటుకి 30 లీటర్లు. అంతకు మించి నీళ్లు పొయ్యనివ్వకు. మాలు పలచనైందో లేదో చూడ్డానికి ఒక గరాటు ఉంటాది." ఆ గరాటు ఎత్తు 30 సెంటీమీటర్లు, కింద 20 వెడల్పు, పైన 10. విన్నాక నవ్వొచ్చింది. గేరా లంగా కటింగు అదే కదా! పేపరు మీద పేటర్న్ కత్తిరించి రేకు పనివాడికిస్తే గంటలో అతికి ఇచ్చాడు.

తెల్లారి ఆరింటికి మిక్సర్ మొదలైంది. నీళ్లకి కొలత లేదు. మిక్సరు నడిపే కుర్రాడు పైపు పట్టుకుని, కంటికి నచ్చేదాకా పోస్తున్నాడు. నేను కింద నిలబడి చూస్తున్నాను, ఏమనాలో తెలీదు, తుప్పు గొడవ గుర్తొచ్చి నోరు రావడం లేదు. అప్పుడు తట్టలు మోసే ఒకావిడ నా పక్కన ఆగింది. కొండ మీది సవర తెగ ఆవిడ. ఏళ్ల తరబడి మాలు మోసిన మనిషి. తలమీది చుట్టకుదురు తడిసి, చెవి పక్కనుంచి బూడిద రంగు నీళ్లు మెడమీదికి కారుతున్నాయి. కొంగుతో తుడుచుకుంటూ, "నీళ్లెక్కువైపోనాయమ్మా. తట్టలో ముద్ద కూకోడం లేదు," అంది. అని వెళ్లిపోయింది. అంతసేపూ మిక్సర్ దగ్గర చదువుకున్నవాళ్లూ చదువుకోనివాళ్లూ అంతమంది ఉన్నాం. మాలు పలచనైతే ఎవరి మెడ తడుస్తుందో ఆవిడకే తెలుసు.

మిక్సర్ ఆపమన్నాను. గరాటు తెచ్చి, మాలు పొరలు పొరలుగా పోయించి, పొరకి 25 సార్లు రాడ్డుతో పొడిపించి, నిలువుగా పైకి లాగాను. స్లాబు మాలైతే 5 నుంచి 10 సెంటీమీటర్లు కిందికి దిగాలని అబ్బాయి చెప్పాడు. ఇది దిగడం కాదు, గంజిలా కాళ్లకిందికి వచ్చేసింది. అప్పుడే మేస్త్రీ జాకెట్ల మాట అన్నాడు. పలచగా ఉంటేనే సందుల్లోకి పోతుంది, నున్నగా వస్తుంది అన్నాడు. నేను కదల్లేదు. 20 లీటర్ల పెయింటు డబ్బాకి సుద్దతో గీత గీసి, బస్తాకి ఒకటిన్నర డబ్బా అని అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అప్పటికే ఏడెనిమిది బస్తాల మాలు వంటింటి మీద పడిపోయింది.

నా లెక్కా తప్పేనని ఆ సాయంత్రం తెలిసింది. ముందు రోజు గాలివాన పడింది. మహేంద్రతనయ ఇసుక నిండా తడి. ఆ తడి కూడా నీళ్ల లెక్కలోకే వస్తుందట, 30 లీటర్లు అసలు పొయ్యనే కూడదట. అబ్బాయి చెప్పడం మరిచిపోయాడు. నాకు అడగాలని తెలీదు.

మా వీధిలో రిటైరైన తెలుగు మాస్టారికి ఇదంతా చెబితే ఆయన హుషారుగా గిడుగు రామమూర్తి గారిని తెచ్చారు. "ఈ ఊళ్లోనేనమ్మా, ఆయన బడిలో చెప్పింది చరిత్ర. సవర భాష తనంతట తాను నేర్చుకుని నిఘంటువు రాశాడు. పండితులంతా కాదన్నా వాడుక భాషే రాయమన్నాడు." మాస్టారు నామీద అభిమానంతోనే అన్నారు గానీ నాకా పోలిక అతకలేదు. గిడుగు వారు ఏళ్లకేళ్లు సవరల మాట విని నేర్చుకున్నారు. నేను ముందు రోజు ఫోన్లో విన్నాను.

స్లాబు మీద మడులు కట్టి, ఎండలు కాబట్టి పది రోజులు దాటినా నీళ్లు ఎండనివ్వలేదు. సెంట్రింగు విప్పిన రోజు చూస్తే దూలం మూల తేనెపట్టులా కంకర బయటపడి ఉంది, లోపల రాడ్డు కనిపిస్తోంది. స్లాబు పైన సాలెగూడులా సన్నటి బీటలు. మేస్త్రీ మాత్రం "ప్లాస్టరింగులో కప్పడిపోతాదమ్మా, డబ్బులియ్యండి," అన్నాడు. ఇవ్వనన్నాను. మా ఆయన ఫోన్లో నన్నే కేకలేశాడు. "నీకు తెలీని పనిలో ఎందుకు వేలు పెడతావు, అతను ముప్పై ఏళ్లుగా ఇళ్లు కడుతున్నాడు." రెండు వారాలు టెన్షన్‌తో నిద్ర లేదు. పదిహేనేళ్లుగా నా దగ్గర కుట్టించుకునే ఒకావిడ భర్త ఇంజినీరుగా రిటైరయ్యారు. చివరికి ఆయన్నే బతిమాలుకున్నాను.

ఆయన చిన్న సుత్తితో దూలం మీద కొట్టి విన్నారు. పొడి రాళ్లు ఊడదీసి, కడిగి, చిక్కటి మాలు కూరిస్తే సరిపోతుందన్నారు. పైన బీటలు ఎండకి పైపొర త్వరగా ఆరడంవల్ల వచ్చినవన్నారు. నా రెండు వారాల ఏడుపూ పది నిమిషాల్లో తేలిపోయింది. వెళ్లబోతూ, "పనప్పుడు ఫొటోలేమైనా తీశారా?" అని అడిగారు. మా ఆయనకి పంపడానికి తీసినవి ఉన్నాయి. ఒక్కొక్కటే వేలితో జరుపుతూ ఒకదాని దగ్గర ఆగి పెద్దది చేశారు. వీధివైపు సజ్జ. మాలు పోసేవాడు రాడ్ల జాలీ మీద నిలబడి ఉన్నాడు. అతని కాళ్లకింద రాడ్లు రేకుమీదికి అణిగిపోయాయి.

"సజ్జకి ఇనుము పైన ఉండాలమ్మా. గోడలోంచి బయటికి వేలాడేది కదా, పైవైపే లాగుతుంది. కింద ఉన్న ఇనుము లేనట్టే."

నేను తలెత్తి చూశాను. ఇంటి మొత్తంలో అందంగా వచ్చింది ఆ సజ్జే. అంచు కత్తితో కోసినట్టుంది. దానికింద నిలబడే నేను కూలీలకి టీలు పోశాను. ఆ ఫొటో తీసిందీ నేనే, మా ఆయనకి పంపేముందు చూసిందీ నేనే. రాడ్లమీద మనిషి నిలబడ్డాడని కంటికి కనబడింది. అది తప్పని మాత్రం తట్టలేదు.

జాకెట్ల దగ్గరా ఇంతే. "చంక దగ్గర పట్టేస్తోంది, ఇంకాస్త కిందికి కోసెయ్యండి" అంటారు. పట్టేస్తోందన్నది నిజం. వాళ్ల ఒంటి సంగతి నాకంటే వాళ్లకే తెలుసు. వాళ్లడిగినట్టు కిందికి కోస్తే చెయ్యి ఎత్తినప్పుడల్లా జాకెట్టు మొత్తం పైకి లేస్తుంది. చంక పైకి జరగాలి, చేతి దగ్గర గుడ్డ పెరగాలి. అదంతా చెప్పే ఓపిక లేక "మీకు కటింగు తెలీదులెండి" అని నోరు మూయించేదాన్ని. వాళ్లలో ఎంతమంది మళ్లీ రాలేదో లెక్క పెట్టలేదు.

ఇంజినీరు గారి ముందు మేస్త్రీ ఒక్క మాట ఎదురాడలేదు. నాతో అంత గొంతు చేసిన మనిషి, "అలాగే బాబూ, కొట్టేసి మళ్లీ పోస్తాను," అన్నాడు. మరి నేను చెబితే ఎందుకు వినలేదయ్యా అని అడగబోయి ఊరుకున్నాను, సజ్జ సంగతి నేను చెప్పలేదుగా. కొత్త సజ్జ పోసిన రోజు సవర ఆవిడ కూడా వచ్చింది. రాడ్ల కింద ఇనుము వంచి చేసిన కుర్చీలు కట్టి పైకి నిలబెట్టారు. ఆవిడ తట్ట దించి నావైపు కొంచెం వంచి చూపించింది. ముద్ద కదల్లేదు. సజ్జ గట్టిపడ్డాక నలభై వేలూ ఇచ్చేశాను.

మిగిలింది వంటింటి మీద పడ్డ ఆ మొదటి ఏడెనిమిది బస్తాలు. దాని బలం ఎంతని ఇంజినీరు గారిని అడిగాను. ఆ రోజే 15 సెంటీమీటర్ల ఘనాలు పోసి ఉంచి, 28 రోజులకి ల్యాబులో నొక్కించి ఉంటే చెప్పేవాణ్ణన్నారు. "ఇప్పుడు చూసి చెప్పడం నావల్ల కూడా కాదమ్మా."

వానలు మొదలయ్యాయి. అన్నం వార్చుతూ రోజూ ఒకసారి తలెత్తి చూస్తున్నాను. ఇప్పటిదాకా చెమ్మ లేదు.