శనివారం, ప్యాంట్రీ సర్దుడు

ఇడ్లీ రవ్వలో పురుగు పడిందని పొద్దున్నే ప్యాంట్రీ అంతా కిందికి దించాను. కందిపప్పు సంచీ వెనకాల ఎప్పటిదో పాన్‌కేక్ పిండి డబ్బా. డేటు 2020. దాని మీద ముత్యాల దుద్దులు పెట్టుకుని నవ్వుతున్న నల్లజాతి ఆవిడ. ఇప్పుడు కొట్లో ఆ బొమ్మా లేదు, ఆ పేరూ లేదు. 2021లో మార్చేశారు.

"ఎవరమ్మా ఈ ఆంటీ?" అంది మా చిన్నది.

ఆంట్ జెమైమా. ఈ దేశం వచ్చిన కొత్తలో కంపెనీ ఈవిడదే అనుకున్నాను. పిన్నో అత్తో అన్నట్టు ఎంత ఆప్యాయంగా పేరు పెట్టారో అని ముచ్చటపడ్డాను కూడా. దక్షిణాది తెల్లవాళ్లకి వయసు మళ్లిన నల్లజాతి ఆడవాళ్లని 'మిసెస్' అనడానికి నోరు రాక 'ఆంట్' అనేవాళ్లని చాలా తర్వాత తెలిసింది. మనం దగ్గరవడానికి వరస కలుపుతాం. వాళ్లు గౌరవం ఎగ్గొట్టడానికి కలిపారు. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో జెమైమా వేషం కట్టి పాన్‌కేకులు వేసిన నాన్సీ గ్రీన్ బానిసగా పుట్టిన మనిషి. 1923లో పోయారు. ఆవిడ సమాధి మీద పేరున్న రాయి పడింది 2020లో.

మధ్యాహ్నం పిల్ల పడుకున్నాక బెట్టీ సార్ అనే నల్లజాతి కళాకారిణి చేసిన జెమైమా కళాకృతిని ఫోన్లో పెద్దది చేసుకుని చూస్తూ కూర్చున్నాను. (సార్ అన్నది ఇంటిపేరు. ఆడమనిషే, 1926లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టారు.) మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపేశారన్న కోపం లోపల రగులుతుండగా, 1972లో చేశారు దాన్ని. ఉన్నది మాకు దగ్గరే, బర్కిలీ మ్యూజియం వాళ్ల దగ్గర. అడుగెత్తు పెట్టె. అందులో సరుకుల చీటీ పెట్టుకోడానికని ఒకప్పుడు వంటిళ్లకి అమ్మిన జెమైమా బొమ్మ. చీటీ ఉండాల్సిన చోట, పిల్లని ఎత్తుకున్న దాది బొమ్మ, దాని ముందు బిగించిన నల్ల పిడికిలి. కాళ్ల కింద పత్తి. వెనక గోడంతా ఈ పిండి డబ్బాల మీద అప్పట్లో ఉన్న మొహమే, వరసలు వరసలుగా. ఒక చేతిలో ఎప్పటి చీపురే. రెండో చేతిలో తుపాకి.

నవ్వు మాత్రం అలాగే ఉంచేశారు. కంపెనీ వాళ్లు 1989లో తలగుడ్డ తీసి దుద్దులు పెట్టారు, చివరికి మొహమే తీసేశారు. బెట్టీ సార్ ఏమీ తీయలేదు. తుపాకి పక్కన ఆ నవ్వు చూస్తే నాకు భయమేసింది. ఇన్నేళ్లూ అదే నవ్వు చూస్తూ పిండి కలిపాను మరి.

మా బామ్మగారింట్లో అంట్లు తోమే ఆవిడకి అరవై దాటి ఉంటాయి. ఐదేళ్లదాన్ని, పేరు పెట్టి పిలిచేదాన్ని. ఆవిడ నన్ను "అమ్మాయిగారూ" అనేది. ఇప్పుడు కూడా 'అనేది' అనే రాశాను, 'అనేవారు' అని కాదు. కొట్టేసి మళ్లీ రాద్దామనుకున్నాను. ఉండనీ. పేరు రాద్దామంటే సగమే తెలుసు. ఇంటిపేరు ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

పిండి పారబోశాను. ఖాళీ డబ్బా కౌంటర్ మీదే ఉంది. రవ్వ బాల్కనీలో ఎండలో పోశాను, సాయంత్రానికి జల్లించాలి.