మా మలుపులోని స్పీడ్ బ్రేకర్

ఆటో ఎగిరి పడగానే అమ్మ నా మోచేతిని గట్టిగా పట్టుకుని నొప్పిని పంటి బిగువున ఓర్చుకుంది. ఆమె మోకాలికి ఆపరేషన్ జరిగి నేటికి 12 రోజులే.

పద్మారావు నగర్‌లో మా మలుపు దగ్గర కొత్తగా వేసిన ఆ స్పీడ్ బ్రేకర్‌కు తెల్ల చారలూ లేవు, హెచ్చరిక బోర్డూ లేదు. రోడ్లకు ప్రమాణాలు రూపొందించే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో సాఫీగా దాటగలిగేంత వాలుగా ఉండాలి. మాది జానెడు ఎత్తున, గట్టులా నిటారుగా ఉంది.

అయినా దాన్ని తీసేయమనడానికి నాకు మనసొప్పడం లేదు. ట్యూషన్ వదిలాక పిల్లలు రోడ్డు దాటుతుంటే బైకులన్నీ అక్కడ నెమ్మదించడం ఈ సాయంత్రం కళ్ళారా చూశాను.

వాలు సరిచేసి చారలు వేయించమని రేపే కాలనీ సంఘానికి రాసిస్తాను.