ఆదివారం కొట్లు కట్టేసే ఊళ్లో

మాది చీరాల. నాన్నకి కిరాణా కొట్టు ఉంది. నాకు ఊహ తెలిశాక మా కొట్టు ఆదివారం మూసి ఉండగా చూసింది లేదు. అసలు ఆ రోజే బేరం ఎక్కువ. లవంగాలు, చెక్క, ధనియాలు, ఎండు కొబ్బరి, కోడి కూర వండుకునే ఇళ్లకి కావాల్సినవన్నీ ఆదివారం పొద్దున్నే పోతాయి. అలాంటి ఇంట్లో పుట్టి, చదువు పేరు చెప్పి డ్రెస్డెన్ వచ్చి పడ్డాను. ఇక్కడ ఆదివారం ఉప్పు నిండుకుంటే పక్కింటి తలుపు తట్టడమే.

డ్రెస్డెన్ జర్మనీకి తూర్పున, సాక్సనీ రాష్ట్రంలో ఉంది. ఇన్ఫినియన్, గ్లోబల్‌ఫౌండ్రీస్, బాష్ చిప్ ఫ్యాక్టరీలన్నీ ఇక్కడే. 2024 ఆగస్టులో తైవాన్ కంపెనీ టీఎస్‌ఎంసీ వాళ్ల కొత్త ఫ్యాక్టరీకి కూడా శంకుస్థాపన జరిగింది. ఎలక్ట్రానిక్స్ చదివిన మనవాళ్లు ఈ ఊరికి రావడానికి కారణం అదే, నేనూ అందుకే వచ్చాను. క్లాసులు, ల్యాబుల గోల ఇంకోసారి రాస్తాను. ఇవాళ ఆదివారం గురించి చెప్పాలి.

ఈ సెలవు సంగతి వీళ్ల రాజ్యాంగంలోనే ఉంది. 1919 నాటి పాత రాజ్యాంగంలో ఆదివారాన్ని పనికి విశ్రాంతినిచ్చే రోజుగా కాపాడాలని ఒక అధికరణం రాసుకున్నారు. తర్వాత 1949లో కొత్త రాజ్యాంగం వచ్చినా దాన్ని తీసేయకుండా అలాగే కలుపుకున్నారు. బెర్లిన్‌లో క్రిస్మస్ ముందు వచ్చే నాలుగు ఆదివారాలూ షాపులు తీసుకోవచ్చని చట్టం చేస్తే చర్చిలు కోర్టుకెక్కాయి. 2009 డిసెంబర్‌లో రాజ్యాంగ న్యాయస్థానం చర్చిల వైపే తీర్పిచ్చింది. మా సాక్సనీలో ఏదో సందర్భం చూపించి ఏడాదికి నాలుగు ఆదివారాల దాకా తెరుచుకోవచ్చు. మిగతా రోజుల్లో సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున ఆరు నుంచి రాత్రి పది వరకే. మ్యూనిక్‌లో ఉన్న నా ఫ్రెండ్‌కి ఇంకా కష్టం, అక్కడ రాత్రి ఎనిమిదికే ఖేల్ ఖతం.

దాంతో మా హడావుడంతా శనివారం సాయంత్రమే. ముందు ఖాళీ సీసాల మెషిన్ దగ్గర క్యూ. కొనేటప్పుడు డిపాజిట్‌గా కట్టింది, ప్లాస్టిక్ సీసాకి, డబ్బాకి 25 సెంట్లు, బీరు సీసాకి 8 సెంట్లు, వెనక్కొస్తాయి. అందుకని వారమంతా పోగేసిన సీసాల్ని పెద్ద పెద్ద సంచుల్లో మోసుకొస్తారు. మెషిన్ మధ్యలో గుండ్రటి రంధ్రం ఉంటుంది. సీసాని అడుగు ముందుగా పెడితే లోపల గిర్రున తిప్పి, గుర్తు చదువుకుని మింగేస్తుంది. నలిగిన సీసా అయితే తిరిగి నోట్లోంచి బయటకి నెట్టేస్తుంది. మనం మళ్లీ సాగదీసి పెట్టాలి, అది మళ్లీ నెట్టేస్తుంది. వెనకున్నవాళ్లు ఒక్క మాట అనరు, కానీ ఊపిరి గట్టిగా వదులుతారు. ఆ చప్పుడు జర్మన్ రానివాళ్లకీ బాగానే అర్థమవుతుంది. ఆఖర్న వచ్చిన చీటీ తీసుకెళ్లి బిల్లులో తగ్గించుకోవాలి. మా ఫ్లాట్‌లో ముగ్గురం ఉంటాం. బీరు తాగేది వాళ్లిద్దరే అయినా సీసాలు మోసేది నేను, ఆ చిల్లర నాదే అన్న ఒప్పందం మీద. కొట్టుగాడి కూతుర్ని కదా.

శనివారానికి ఇంకో పని కూడా ఉంది, మిక్సీ. అమ్మ పట్టుబట్టి సూట్‌కేస్‌లో పెట్టి పంపిన 750 వాట్ల మిక్సీ అది. మన ప్లగ్గు ఇక్కడి సాకెట్‌లోకి దూరదు గానీ అడాప్టర్ పెడితే కరెంటు సరిపోతుంది. చిక్కంతా దాని మోతతోనే. మా బిల్డింగ్ నోటీసు బోర్డులో రాసుంది: రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా, ఆదివారమైతే రోజంతా, చప్పుడు చేయకూడదు. గోడకి మేకు కొట్టకూడదు, డ్రిల్లు వేయకూడదు. గడ్డి కోసే మెషిన్ ఆదివారం నడపకూడదని దేశమంతటికీ ఒక నిబంధనే ఉంది. ఖాళీ గాజు సీసాలు వేసే వీధి డబ్బాల మీద కూడా ఆదివారం వేయొద్దని రాసుంటుంది, సీసా పగిలిన చప్పుడుకి ఎవరి నిద్రా చెడకూడదట. ఇన్ని రాసిన పెద్దమనుషులకి మన మిక్సీ సంగతి తెలియదు కాబట్టి బోర్డులో దాని పేరు లేదు. తెలిస్తే మొట్టమొదట దాన్నే రాసి ఉండేవాళ్లు.

అందుకని శుక్రవారం రాత్రి మినప్పప్పు, బియ్యం నానబోసి, శనివారం రాత్రి ఏడింటికల్లా రుబ్బేస్తాను. గిన్నెని ఓవెన్‌లో పెట్టి, వేడి చేయకుండా లోపలి లైటు ఒక్కటే వేసి వదిలేస్తే, బయట మంచు పడుతున్నా పొద్దుటికి పొంగుతుంది. కొబ్బరి చట్నీ కూడా శనివారమే నూరి పెట్టేస్తాను. తాలింపు మాత్రం వడ్డించే ముందు, అదీ కిటికీ బార్లా తీసి. ఎండుమిరపకాయ పొగకి స్మోక్ అలారం మోగిందంటే మిక్సీయే నయమనిపిస్తుంది.

ఇంతా చేసి ఆదివారం నేను ఇంట్లో దోసెలు పోసుకుంటూ కూర్చుంటానా అంటే, లేదు. బేకరీలో పార్ట్‌టైమ్ చేస్తున్నాను. రూల్సు ఎంత గట్టివైనా, ఆదివారం పొద్దున వేడి బన్ను లేకుండా జర్మన్లకి గడవదు కాబట్టి బేకరీలకి కొన్ని గంటలు మినహాయింపు ఉంది. పూల కొట్లకి, పెట్రోలు బంకులకి, రైల్వే స్టేషన్లోని షాపులకి కూడా ఉంది. మాలాంటి విదేశీ స్టూడెంట్లు ఏడాదికి 140 పూర్తి రోజులు గానీ 280 సగం రోజులు గానీ పని చేసుకోవచ్చు. 2026 జనవరి నుంచి కనీస వేతనం గంటకి 13.90 యూరోలు. ఆదివారం పనికి పైన ఏమన్నా కలిపిస్తే, ఆ గంటల జీతంలో సగం దాకా ఆ అదనానికి టాక్స్ పడదు. కలపాలా వద్దా అనేది మాత్రం ఒప్పందాన్ని బట్టి ఉంటుంది.

పొద్దున్నే మొదట వచ్చేది ముసలమ్మలు. గుడ్డసంచి తెచ్చుకుంటారు, ఎన్ని బన్నులు కావాలో ముందే లెక్కేసుకుని వస్తారు, చిల్లర సరిగ్గా తెచ్చి ట్రేలో పెడతారు. ఆదివారం ఎక్కువగా పోయేది ఐయర్‌షెకె అనే కేకు, ఈ ఊరి సొంత సరుకు. కింద ఈస్టు పిండి, మధ్యలో గట్టి పెరుగులాంటి క్వార్క్, పైన గుడ్డూ వెన్నా గిలకొట్టి పోసిన పొర. మూడు పొరలూ విడిపోకుండా చతురస్రంగా కోయాలి. నాకు ఆ కోత కంటే కాగితం మడవడమే బాగా అబ్బింది. చిన్నప్పుడు కొట్లో పావుకిలో పంచదార పొట్లాలు కట్టిన చేతులు ఇవి. మా బేకరీ ఆవిడ ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, మాకూ షాపుందని చెప్పాను. ఆదివారం కూడా తీస్తారా అని ఆశ్చర్యపోయింది. ఆ మాట కౌంటర్‌కి ఇవతల నిలబడి, ఆదివారం పొద్దున ఏడింటికి అడిగింది మరి.

పన్నెండింటికి షిఫ్టు అయిపోతే ఎండ ఉన్న రోజుల్లో రాటెన్ అనే ఊరికి పోతాం. స్టూడెంట్ పాస్ ఉంది కాబట్టి లోకల్ రైలుకి వేరే టికెట్ అక్కర్లేదు. ఎల్బే నది ఒడ్డున దిగి పడవలో అవతలికి దాటాలి. ఆ పడవకి ఇంజన్ లేదు. నదిలో లంగరేసిన పొడవాటి తీగకి కట్టి ఉంటుంది, పడవని కాస్త ఏటవాలుగా తిప్పితే ప్రవాహమే అవతలి ఒడ్డుకి నెడుతుంది. ఆదివారం చప్పుడు చేయని వాహనం అంటే ఇదే. అక్కణ్ణుంచి బాస్టై కొండ ఎక్కితే 1851లో కట్టిన రాతి వంతెన, దాని కింద ఎల్బే వంపు. షాపులు లేకపోతే ఈ దేశం జనమంతా ఏం చేస్తారా అనుకునేదాన్ని, ఇదుగో, నడుస్తారు. ముసలీ ముతకా, పిల్లాజెల్లా, కుక్కలతో సహా. మేం పైన కూర్చుని పులిహోర డబ్బా తీస్తాం.

నవంబర్‌లో ఇంకో తమాషా ఉంది. ప్రార్థనల దినమని ఒక బుధవారం సెలవు వస్తుంది. 1995 నుంచి దేశంలో మిగతా రాష్ట్రాలన్నీ దాన్ని వదిలేసుకుంటే సాక్సనీ ఒక్కటే పట్టుకుంది. ఆ సెలవు పోగొట్టుకోనందుకు ఇక్కడి ఉద్యోగులు వృద్ధాప్య సంరక్షణ బీమాకి జీతంలో మిగతా రాష్ట్రాలవాళ్ల కంటే అర శాతం ఎక్కువ కడతారు. డబ్బులిచ్చి మరీ సెలవు కొనుక్కుంటున్నారన్నమాట.

ఈ ముక్క నాన్నకి చెప్పాను. షిఫ్టుకి బయల్దేరి ట్రామ్ స్టాప్‌లో నిలబడ్డప్పుడు ఫోన్ చేస్తాను. అప్పటికి చీరాలలో పది దగ్గర పడుతుంది, కొట్లో బేరం జోరు మీద ఉంటుంది. ఫోన్ స్పీకర్లో పెట్టి తూకం వేస్తూనే మాట్లాడతాడు.

"అందరూ కట్టేస్తారా? ఒక్కడు కూడా తీయడా?"

"తీస్తే ఫైన్ వేస్తారు నాన్నా."

"అయితే పర్లేదమ్మా. ఒకేసారి అందరూ కట్టేస్తే ఎవడి బేరమూ ఎటూ పోదు. శనివారమే వచ్చి కొనుక్కుంటారు. మన దగ్గరా వారానికో రోజు కొట్టు మూయాలని చట్టం ఉందిలే, దాన్ని ఎవడు చూడొచ్చాడు?"

"మరి నువ్వు ఆదివారం మధ్యాహ్నం నుంచైనా కట్టేయొచ్చుగా?"

"ఎదురు కొట్టాయన కట్టేస్తే ఆ నిమిషమే నేనూ కట్టేస్తా. అడిగి చూడు."

వెనకనుంచి అమ్మ గొంతు వినపడింది. "ఆయన్ని అడిగితే మీ నాన్న కట్టేస్తే కట్టేస్తానంటాడే. ఇరవై ఏళ్ల నుంచి వింటున్నా ఇద్దరి మాటా. నువ్వు ముందు తిన్నావా లేదా చెప్పు."