కాలిక్యులేటర్ లేకుండా త్రికోణమితి సమీకరణాలు: పోయే మూలాలు, దూరే మూలాలు

సైన్ 2తీటా = కాస్ తీటా. 0° నుంచి 360° లోపు దీనికి మూలాలు ఎన్ని? 30°, 150° అని రెండు చెప్పి ఆగిపోయేవాళ్లే ఎక్కువ. ఉన్నవి నాలుగు. సైన్ 2తీటాను 2 సైన్ తీటా కాస్ తీటాగా రాశాక, రెండువైపులా కాస్ కనబడగానే కొట్టేస్తారు. దాంతోపాటే 90°, 270° కూడా కొట్టుకుపోతాయి. కొట్టేయడమంటే భాగించడమే కదా, కాస్ సున్నా అయ్యే చోట ఆ భాగహారం చెల్లదు. అంతా ఒకవైపుకు తెచ్చి కామన్ తీయండి: కాస్ తీటా (2 సైన్ తీటా − 1) = 0. నాలుగూ దొరుకుతాయి.

టేబుల్ విలువల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. √0, √1, √2, √3, √4 లను 2తో భాగిస్తే 0°, 30°, 45°, 60°, 90°ల సైన్ విలువలు వస్తాయి. వరుస తిరగేస్తే కాస్. ఏ పాదంలో ఏది ధనాత్మకమో చెప్పడానికి 'ఆల్ సిల్వర్ టీ కప్స్' ఉండనే ఉంది: మొదటి పాదం నుంచి వరుసగా అన్నీ, సైన్, టాన్, కాస్.

అసలు చిక్కు √3 కాస్ తీటా + సైన్ తీటా = 1 లాంటి వాటితో. √3 కాస్ తీటా = 1 − సైన్ తీటా అని రాసి వర్గం చేస్తే, 2 సైన్² తీటా − సైన్ తీటా − 1 = 0 వస్తుంది. అంటే సైన్ విలువ 1 లేదా −1/2. కోణాలు 90°, 210°, 330°. వీటిలో 210° దొంగ మూలం: అసలు సమీకరణంలో పెడితే −3/2 − 1/2 = −2 వస్తుంది, 1 కాదు. వర్గం చేసినప్పుడు ప్లస్, మైనస్ తేడా చెరిగిపోయి, √3 కాస్ తీటా = −(1 − సైన్ తీటా) అనే వేరే సమీకరణం మూలం కూడా లోపలికి దూరింది. వర్గం చేశారంటే ప్రతి జవాబునూ వెనక్కి పెట్టి చూడాల్సిందే.

అంతకంటే వర్గం జోలికి పోకపోవడమే నయం. గుణకాల వర్గాల మొత్తానికి వర్గమూలం 2. దానితో అంతటినీ భాగిస్తే గుణకాలు √3/2, 1/2 అవుతాయి, అంటే కాస్ 30°, సైన్ 30°; కాబట్టి కాస్(తీటా − 30°) = 1/2. కాబట్టి తీటా = 30° ± 60°, అంటే 90°, −30°. రెండోదానికి 360° కలిపితే 330°. కుడివైపు సంఖ్య పరిమాణం ఆ వర్గమూలాన్ని దాటితే మూలాలే ఉండవు. 3 సైన్ తీటా + 4 కాస్ తీటా = 6 అని ఇస్తే, 5ను 6 దాటింది కాబట్టి లెక్క అక్కడితో అయిపోయింది.

సైన్ 2తీటా = 1/2 దగ్గర ఇంకో పొరపాటు. తీటా 360° దాకా వెళితే 2తీటా 720° దాకా వెళ్తుంది. 30°, 150° దగ్గర ఆగకుండా 390°, 510° కూడా రాసుకుని, ఆ తర్వాతే 2తో భాగించాలి: 15°, 75°, 195°, 255°.

టేబుల్‌లో లేని కోణం వస్తే? 3 సైన్ తీటా + 4 కాస్ తీటా = 2.5 తీసుకోండి. 5తో భాగిస్తే కాస్(తీటా − ఆల్ఫా) = 1/2, ఇక్కడ టాన్ ఆల్ఫా = 3/4. ఫిజిక్స్ లెక్కల్లో దీన్ని 37° అనేస్తారు. ఇంకాస్త కచ్చితంగా కావాలంటే 45° నుంచి వెనక్కి రండి. టాన్(45° − ఆల్ఫా) = (1 − 3/4) ÷ (1 + 3/4) = 1/7. కోణం చిన్నది కాబట్టి రేడియన్లలో దాదాపు 1/7 − (1/7)³/3, అంటే 0.1419. ఒక రేడియన్ దాదాపు 57.3° కాబట్టి, 57.3తో గుణిస్తే 8.13°. ఆల్ఫా 36.87°. దీనికి 60° కలిపితే 96.87°, తీసేస్తే −23.13°, అంటే 336.87°.